తూము మూశాక ఎన్నాళ్ళు ఆగాలి: మేనకోడలికి ఒక ఉత్తరం

దేవరకొండ

బిడ్డా,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది సగమే వినబడింది. మేడెక్కితే గానీ ఇక్కడ సిగ్నల్ ఉండదు, నా మోకాళ్ళేమో మెట్లెక్కనివ్వవు. అందుకే రాస్తున్నా. ఫ్లోరైడు తగిలితే ఎముక కణాలు ఎలా దెబ్బతింటాయో, వాటిని ఎన్ఆర్ఎఫ్-2 జీన్ (కణాన్ని కాపాడే ఇతర జీన్లను లేపేది) ఎంతవరకు కాపాడుతుందో ఆ జీన్‌ను అణిచి చూస్తానన్నావు. అణిచాక ఫ్లోరైడు పోయడానికి ఎన్నాళ్ళు ఆగాలని అడిగావు. "జీన్ నోరు మూయించడం ఎంతసేపత్తా, కిట్ ఉంది కదా" అని కూడా అన్నావు. నోరు మూయించడం, అంటే దాని ప్రోటీన్ తయారవకుండా ఆపడం (సైలెన్స్ చేయడం), నిజంగానే రెండు మూడు రోజుల పని. ఆ తర్వాత కణంలో కనబడే మార్పు ఆ జీన్ వల్లే వచ్చిందా అని తేల్చుకోవడానికి నాకు ఒకసారి ఎనిమిది నెలలు పట్టింది. తీరా చూస్తే ఆ జీన్ వల్ల కాదు.

ముందు ఆ సంగతే చెప్తా. అప్పట్లో డీఎన్ఏను బాగుచేసే ఒక జీన్ మీద పనిచేస్తున్నాను. ఎస్ఐఆర్ఎన్ఏ (జీన్ నోరు మూయించే చిన్న ఆర్ఎన్ఏ ముక్క) వేసిన మూడో రోజుకే కణాలు అడుగు వదిలి పైకి తేలిపోయాయి. ఇంకా వాటికి డీఎన్ఏను దెబ్బతీసే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఇవ్వలేదు. ఈ జీన్ లేకపోతే కణమే బతకదని మేమంతా సంబరపడ్డాం, పోస్టర్ కూడా వేయించుకున్నాం. ల్యాబులో ఒక జూనియర్ కుర్రాడు మాత్రం అదే జీన్‌లో వేరే చోట అతికే ఇంకో ఎస్ఐఆర్ఎన్ఏ తెప్పించి వేశాడు. జీన్ అంతే బాగా అణిగింది. కణాలు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. మొదటిది దారిలో ఇంకేదో జీన్‌ను కూడా పట్టుకుంది, చంపింది అది. ఆ కుర్రాడి మీద నాకు వారం రోజులు కోపం ఉండింది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎందుకలా అవుతుందంటే, ఎస్ఐఆర్ఎన్ఏ పొడవు 21 అక్షరాలు (ఆర్ఎన్ఏలోని బేసులు). మొత్తం 21 కుదిరితే అది అనుకున్న ఎంఆర్ఎన్ఏను (ప్రోటీన్ తయారీకి జీన్ పంపే నకలును) ముక్కలు చేయిస్తుంది. కానీ 2 నుంచి 8 వరకున్న ఏడు అక్షరాలు కుదిరినా చాలు, సంబంధం లేని జీన్లను కూడా ఎంతోకొంత తగ్గించగలదు. అందుకే ఒకే జీన్‌కు వేర్వేరు చోట్ల అతికేవి కనీసం రెండు, డబ్బులుంటే మూడు తెప్పించుకో. రెండూ ఒకే మాట చెప్తేనే నమ్ము. ఎక్కువ వేస్తే బాగా అణుగుతుందని డోసు పెంచకు. పని జరిగే అతి తక్కువ డోసు వెతుక్కో, 10 నానోమోలార్ దగ్గర మొదలుపెట్టి చూడు.

ఈ విద్య ఎలా పుట్టిందో నీకు తెలుసు, పరీక్షల కోసం చదివే ఉంటావు. 1990లో పెటూనియా పూలకు రంగు పెంచుదామని అదనపు జీన్ పెడితే పూలు తెల్లబడటం, 1998లో ఫైర్, మెల్లో అనే శాస్త్రవేత్తలు పురుగుల్లో అసలు గుట్టు పట్టడం, 2006లో నోబెల్. నీ పనికి అక్కరకొచ్చేది 2001 నాటి మాట: పొడవాటి జంట ఆర్ఎన్ఏ వేస్తే మన కణాలు వైరస్ వచ్చిందనుకుని ఇంటర్‌ఫెరాన్ (వైరస్‌పై హెచ్చరిక ప్రోటీన్లు) గోల మొదలుపెడతాయి, 21 అక్షరాల పొట్టి ముక్కలైతే ఆ గోల చాలావరకు తప్పుతుందని టుషల్ బృందం చూపించింది. చాలావరకు అన్నాను చూడు. నువ్వొకసారి ఇంటర్‌ఫెరాన్ జీన్లు కూడా క్యూపీసీఆర్‌లో (ఎంఆర్ఎన్ఏ ఎంతుందో కొలిచే పరీక్ష) చూసుకో.

ఇక ఎన్నాళ్ళు ఆగాలన్న నీ ప్రశ్న. మిర్యాలగూడ వైపు ఎడమ కాలువ కింద మీ మామయ్యకు పొలం ఉండేది కదా. తూము మూసిన రోజే చివరి మడి ఎండదు. కాలువలో ఉన్న నీళ్ళు పారాలి, మడిలో ఉన్నవి ఇంకాలి. ఎస్ఐఆర్ఎన్ఏ కూడా తూమునే మూస్తుంది, అప్పటికే తయారై ఉన్న ప్రోటీన్ జోలికి పోదు. 24 గంటలకు ఎంఆర్ఎన్ఏ పడిపోయిందని క్యూపీసీఆర్ చెప్పగానే ఫ్లోరైడు పోసేస్తారు చాలామంది. ప్రోటీన్ ఇంకా నిండుగానే ఉంటుంది, ప్రయోగం ఉత్తిదవుతుంది. మామూలుగా 48 నుంచి 72 గంటలు ఆగి, ప్రోటీన్‌ను గీతగా చూపే వెస్టర్న్ బ్లాట్‌లో అది తగ్గిందని కళ్ళతో చూశాకే ముందుకు పోవాలి.

నీ జీన్ దగ్గర ఇది తిరగబడుతుంది, పైలం. ఎన్ఆర్ఎఫ్-2 ప్రోటీన్‌కు ఆయుష్షు చాలా తక్కువ. ఏ ఇబ్బందీ లేని కణంలో కీప్-1 అనే ఇంకో ప్రోటీన్ దాన్ని పుట్టిందాన్ని పుట్టినట్టే పట్టించి చంపిస్తుంటుంది, సగం పోవడానికి అరగంట కూడా పట్టదు. కాబట్టి మామూలు కణంలో బ్లాట్ వేస్తే సైలెన్స్ చేసినా చేయకపోయినా గీత కనబడకపోవచ్చు. అది చూసి "బ్రహ్మాండంగా అణిగింది" అనుకుంటే మోసపోతావు. ముందు సల్ఫోరాఫేన్ లాంటిది ఇచ్చి ఎన్ఆర్ఎఫ్-2ను పైకి లేపి, అప్పుడు పోల్చు. అది నడిపించే జీన్లు, హీమ్ ఆక్సిజనేజ్-1, ఎన్‌క్యూఓ1, ఇవి కూడా లేవకుండా ఆగాయా చూడు. తూము సంగతి తూము దగ్గర కంటే మడి దగ్గరే బాగా తెలుస్తుంది.

ఫ్లోరైడు డోసు గురించి నువ్వేమీ అడగలేదు. నాకు అసలు భయం అక్కడే ఉంది. మర్రిగూడ వైపు అమ్మమ్మగారి ఊళ్ళో మా చిన్నప్పుడు నడుం తిన్నగా ఉన్న ముసలివాళ్ళు తక్కువ. మా అమ్మమ్మ తల ఎత్తి ఆకాశం చూడలేకపోయేది, వాన వస్తుందా అని మమ్మల్ని అడిగేది. అది ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు తాగితే వచ్చింది. నువ్వు ప్లేటులో 24 గంటల్లో చూసేది వేరు. లెక్క వేసుకో: ఒక మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడు అంటే లీటరుకు 19 మిల్లీగ్రాముల ఫ్లోరైడు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అంటే 0.08 మిల్లీమోలార్ దగ్గర. రక్తంలో తిరిగేది అంతకంటే తక్కువ. కణాలు చావాలని నాలుగైదు మిల్లీమోలార్ పోసి "ఇదే నల్గొండ జబ్బు" అని రాయకు. అంత పోస్తే మీడియంలోని కాల్షియంతో కలిసి అడుగున పొడిలా దిగొచ్చు కూడా, మైక్రోస్కోపులో చూసుకో. తక్కువ డోసు, ఎక్కువ రోజులు పెట్టు. ఎస్ఐఆర్ఎన్ఏ పట్టు వారానికి మించి నిలవడం కష్టం, కణాలు విడిపోయే కొద్దీ పలుచబడుతుంది. కాబట్టి ఎక్కువ రోజులు కావాలంటే వైరస్ ద్వారా ఎక్కించే, కణంలోనే ఎస్ఐఆర్ఎన్ఏగా తయారవుతూ ఉండే షార్ట్ హెయిర్‌పిన్ ఆర్ఎన్ఏ గురించి మీ గైడ్‌తో మాట్లాడు.

ఇంకొకటి, ఇది పుస్తకాల్లో పెద్దగా చెప్పరు. డీఎన్ఏ తెగిందనడానికి గామా-హెచ్2ఏఎక్స్ చూస్తానన్నావు. అది ఫాస్ఫేట్ అతికిన ప్రోటీన్. ఆ ఫాస్ఫేట్ ఊడిపోకుండా కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్‌లో మనం కలిపేది ఏంటి? సోడియం ఫ్లోరైడే కదా! ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైములను అది ఆపుతుంది. నువ్వు బతికున్న కణానికి ఇస్తున్నదీ అదే. కాబట్టి గామా-హెచ్2ఏఎక్స్ పెరిగితే డీఎన్ఏ ఎక్కువ తెగిందో, ఫాస్ఫేట్ ఊడటం ఆలస్యమైందో వెంటనే చెప్పలేం. పక్కనే కామెట్ పరీక్ష కూడా పెట్టు, అందులో తెగిన డీఎన్ఏ తోకలా కనబడుతుంది. ద్రావణం ప్లాస్టిక్ ట్యూబులోనే కలుపు. ఫ్లోరైడుకు గాజు పడదు, పైగా గాజులోంచి ఊడే కొద్ది అల్యూమినియం దొరికినా దానితో జట్టుకట్టి, కణంలో సంకేతాలు మోసే జీ-ప్రోటీన్లను కదిలిస్తుంది. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడు తీసే నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్ళ పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ఆ పటికలో ఉన్నదీ అల్యూమినియమే. నీ థీసిస్‌లో ఒక పేరా దానికి ఇవ్వొచ్చు.

ప్లేటులో ఖాళీ గుంటలు మిగుల్చుకోకు. ఏమీ వేయనివి, ఎస్ఐఆర్ఎన్ఏను కణంలోకి ఎక్కించే రీజెంట్ ఒక్కటే వేసినవి, ఏ జీన్‌కూ అతకని కంట్రోల్ ఎస్ఐఆర్ఎన్ఏ, నీ రెండు ఎస్ఐఆర్ఎన్ఏలు. వీటన్నిటికీ ఫ్లోరైడుతో ఒకటి, అంతే మోతాదు సోడియం క్లోరైడుతో ఒకటి. సోడియం వల్ల కాదని చెప్పాలి కదా. ఎముక కణాలు ఏ లైన్‌వో ముందే చూసుకో. మా దగ్గర ఒకమ్మాయి సాస్-2 అనే ఎముక క్యాన్సర్ కణాల్లో పీ53 జీన్‌ను సైలెన్స్ చేయాలని నెల తిప్పలు పడింది. ఆ కణాల్లో పీ53 అసలే లేదు. పుణెలోని కణాల బ్యాంకు ఎన్‌సీసీఎస్ నుంచి తెప్పించుకున్నా సరే, వచ్చిన వారంలో మైకోప్లాస్మా (కణాలకు పట్టే బ్యాక్టీరియా) పరీక్ష చేయించు.

చివర్లో చేయాల్సినది, అందరూ టైం లేదని వదిలేసేది ఒకటుంది: తూము మళ్ళీ తెరవడం. ఎస్ఐఆర్ఎన్ఏ అతకకుండా అక్షరాలు మార్చిన, ప్రోటీన్ మాత్రం అదే ఇచ్చే జీన్‌ను కణంలోకి తిరిగి ఎక్కించు. కణం కోలుకుంటే అప్పుడు నీ జీన్ పేరు ధైర్యంగా రాసుకో. దీనికి మూడు నాలుగు నెలలు పడుతుంది, ఇప్పుడే ప్లాన్‌లో రాసి పెట్టు.

పండక్కి వస్తే ఊళ్ళో అందరూ మందు ఎప్పుడొస్తుందని అడుగుతారు. 2018లో ఎస్ఐఆర్ఎన్ఏతో చేసిన పటిసిరాన్ మందుగా వచ్చింది, కొలెస్ట్రాల్‌కు అలాంటిదే ఇన్‌క్లిసిరాన్ ఉంది, నిజమే. అవి కాలేయానికి చేరతాయి. ఎముకకు చేర్చడం ఇంకా కష్టంగానే ఉంది. "నేను చేసేది మందు కాదు పెద్దమ్మా, నీళ్ళు మీ ఒంట్లో ఏం చేశాయో తెలుసుకోవడం" అని చెప్పు. వాళ్ళకు అర్థమవుతుంది. ఫ్లోరైడు గురించి మనకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.

మొదటి బ్లాట్ రాగానే ఫోటో పంపు. నీ గీత ఒక్కటే కత్తిరించి కాదు, మెంబ్రేన్ మొత్తం, కంట్రోల్ గీతలతో సహా. మేడ మీదికి ఎవరితోనన్నా ఫోన్ పంపించి డౌన్‌లోడ్ చేయించుకుంటా.

నీ అత్త