అటకెక్కిన పుస్తకాలు

మాటసాయం: పాఠకుల ప్రశ్నలకు ఒక బడిపంతులమ్మ జవాబులు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది సాలూరు దగ్గర పల్లె. 2017లో డీఎడ్ (టీచర్ ట్రైనింగ్) పూర్తిచేశాను. 2018 డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల ఎంపిక పరీక్ష) నాటికి కొత్తగా పెళ్లయింది, సరిగా చదవలేకపోయాను. తర్వాతి డీఎస్సీ కోసం ఏడేళ్లు కళ్లు కాయలు కాచేలా చూశాను. బాబును అమ్మ దగ్గర వదిలి, అవనిగడ్డలో హాస్టల్లో ఉండి అయిదు నెలలు చదివాను. మెగా డీఎస్సీలో ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు పోస్టు 0.38 మార్కులతో పోయింది. నాతో చదివిన అమ్మాయికి వచ్చింది. స్వీటు బాక్సుతో మా ఇంటికొస్తే నవ్వుతూ తీసుకున్నాను, ఆమె వెళ్లాక పెరట్లో కూర్చుని ఏడ్చాను. పుస్తకాలన్నీ పాత చీరలో మూటగట్టి అటక మీద పడేశాను. ప్రైవేటు స్కూల్లో యూకేజీకి చెబుతున్నాను గానీ మనసు నిలవడం లేదు. అందరూ ‘పాజిటివ్‌గా ఉండు’ అంటున్నారు. ఎలా ఉండాలి?
- పేరు వద్దండీ

జవాబు: అమ్మా, ఆ మాట నేను అనను. ఏడేళ్లు ఎదురుచూసింది చేజారితే ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది? పెరట్లో ఏడ్చావు, మంచిపని చేశావు.

1994లో నాకూ రాలేదు. నాన్న, నేను విజయనగరం డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసుకు వెళ్లాం. గోడకు అంటించిన జాబితా మీద నాన్న వేలుపెట్టి పైనుంచి కిందిదాకా చూశారు. మళ్లీ మొదటినుంచి చూశారు. మూడోసారి వేలు పైకి పోతుంటే నేనే చెయ్యిపట్టి ఇవతలకు తీసుకొచ్చాను. ఇంట్లో అమ్మ ఏమీ అడగలేదు. చేటెడు మినుములు నా ముందు పెట్టి, ‘బెడ్డలున్నాయి, ఏరిపెట్టు’ అంది. ఒళ్లు మండింది. అయినా ఏరాను. దీపాలు పెట్టేవేళకు చేటలో శుభ్రమైన మినుములు, పక్కన గుప్పెడు మట్టిబెడ్డలు. ఎన్నో నెలల్లో నేను మొదలుపెట్టి, ఆ రోజే ముగించిన పని అదొక్కటే. ఆ రాత్రి నిద్రపట్టింది. అమ్మ తెలిసే పెట్టిందా అని అడగాలనుకున్నాను, అడిగేలోపే ఆమె వెళ్లిపోయింది.

డీఎస్సీకి చదివేవాళ్లను కుంగదీసేది ఈ ఎదురుచూపే తల్లీ. ఏళ్ల తరబడి చేతిలో ముగిసే పనంటూ ఉండదు. అందుకే పొద్దుగూకేలోపు తేలిపోయే పని రోజుకొకటి కావాలి. అది నీ దగ్గరే ఉంది. రేపు క్లాసులో ‘మ’కీ ‘య’కీ తేడా తెలియక తికమకపడే పిల్లనొకదాన్ని పక్కన కూర్చోబెట్టుకో. వేలుపట్టి పలక మీద దిద్దించు. ఆ పిల్ల తనంతట తాను ‘మ’ రాసిన రోజు తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసుకో. ఎస్జీటీ అయ్యాక నువ్వు చెయ్యబోయేదీ అదే. నీకు పోస్టు రాలేదు గానీ ఆ పని నీ చేతికి అప్పుడే వచ్చేసింది.

ఇక ఆ 0.38 సంగతి. నువ్వు దాన్ని నీ జాతకంలా చూస్తున్నావు. లెక్కలా చూడు. డీఎస్సీకి ముందు రాసే టీచర్ల అర్హత పరీక్ష టెట్ ఉంది కదా, 150 మార్కుల ఆ టెట్‌కు మొత్తం వందలో వెయిటేజీ 20. అంటే టెట్‌లో ఒక్క మార్కు పెరిగితే మొత్తంలో 0.13 పెరుగుతుంది. నీకు తగ్గింది టెట్‌లో మూడు బిట్లు, అంటే మూడు ఒక మార్కు ప్రశ్నలు! టెట్ స్కోరు ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది, పెంచుకోవడానికి మళ్లీ రాయొచ్చు కూడా. వచ్చేసారి కటాఫ్ ఎక్కడుంటుందో నేను చెప్పలేను. కానీ మూడు బిట్ల తేడాకు ‘నేను పనికిరాను’ అనే తీర్పు ఇచ్చుకోవడం అన్యాయం. 2025 మెగా డీఎస్సీలో గరిష్ఠ వయసు 44, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు మరో అయిదేళ్లు. నీకు టైముంది.

అయితే ఎదురుచూపునే బతుకు చేసుకోకు. 1998 డీఎస్సీలో అర్హత సాధించినవాళ్లకు ఉద్యోగాలివ్వడానికి ప్రభుత్వం ఒప్పుకున్నది 2022లో. ఇరవై నాలుగేళ్లు! దాన్ని స్ఫూర్తి కథగా చెబుతుంటే నాకు బాధేస్తుంది, ఎవరికీ అలా జరగకూడదు. వాళ్లలో నా స్నేహితురాలు ఒకామె ఉంది. ఈ లోపల మిషను కుట్టింది, ట్యూషన్లు చెప్పింది, ఇద్దరు ఆడపిల్లల్ని ఇంజినీరింగ్ చదివించింది. ఉత్తర్వు చేతికొచ్చిన రోజు కూడా రెండు జాకెట్లు కుట్టి ఇచ్చాకే బయల్దేరింది. నువ్వూ మీ ఆయనతో కూర్చుని, ఇంకా ఎన్నిసార్లు రాయాలో, అంతవరకు ఇల్లెలా గడవాలో తేల్చుకో.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, బతకడమెందుకనే ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చెయ్యి. టెలీమానస్ అది, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. సిగ్గుపడకు.

అటక మీది మూట మొత్తం దించొద్దు. ముడి విప్పి టెట్ మార్కుల కాగితం, ఏ సబ్జెక్టులో ఎక్కువ పోయాయో ఆ పుస్తకం ఒక్కటి తీసుకో. మళ్లీ ముడివేసెయ్. మిగతావి సంక్రాంతి దాకా అక్కడే ఉండనీ. ‘మ’ నేర్చుకున్న పిల్ల సంగతి మాత్రం నాకు రాయి.