చైతన్య మహాప్రభు పుట్టింది ఫిబ్రవరి 18నా, 27నా? జాతక చక్రంతో తేదీ తేల్చవచ్చా?

ప్రశ్న: బరంపురంలో మా తెలుగు భజన మండలి గౌర పూర్ణిమకు, అంటే చైతన్య మహాప్రభు జయంతికి, సంచిక వేస్తోంది. మహాప్రభు జననం ఒక సిద్ధాంతిగారు 1486 ఫిబ్రవరి 18 అన్నారు, ఇంకొకరు ఫిబ్రవరి 27 అన్నారు. ఏది సరి? శంకరులకు, రామానుజులకు కూడా జాతకం వేసి ఇలాగే తేదీలు ఖాయం చేసుకోవచ్చా?

జవాబు:

ఇద్దరూ చెప్పింది ఒకే రోజండి. 18 అనేది అప్పటి జూలియన్ క్యాలెండరు తేదీ. ఇప్పటి గ్రెగోరియన్ లెక్కను వెనక్కి లాగితే అదే రోజు 27 అవుతుంది. ఆ కాలానికి రెంటికీ తేడా 9 రోజులు. వారం మాత్రం ఎలా లెక్కేసినా శనివారమే. 1582 అక్టోబరుకు ముందు తేదీలను చరిత్రకారులు జూలియన్‌లోనే రాస్తారు కాబట్టి మీరు ఫిబ్రవరి 18 వేయండి. దానికంటే ముందు, పెద్ద అక్షరాల్లో, శక 1407 ఫాల్గుణ శుద్ధ పూర్ణిమ, చంద్రగ్రహణం అని వేయండి. మనకు సంప్రదాయం అందించింది అది. ఇంగ్లీషు తేదీ దాన్నుంచి మనం తీసుకున్నదే.

శకాన్ని క్రీస్తు శకంలోకి మార్చేటప్పుడు 78 కలిపే అలవాటు అందరికీ ఉంది. చైత్రం నుంచి మార్గశిరం దాకా అది బాగానే నడుస్తుంది. పుష్యంలో జనవరి మొదలయ్యాక, మాఘ ఫాల్గుణాలకు 79 కలపాలి. 1407కి 78 కలిపి 1485 అని అచ్చేసిన పుస్తకాలు ఇలా వచ్చినవే. మహాప్రభు సన్యాసం శక 1431 మాఘ శుద్ధంలో, అంటే 1510 జనవరిలో. ఆయన పూరీకి వచ్చి, శ్రీకూర్మం, సింహాచలం మీదుగా గోదావరి ఒడ్డున రామానంద రాయలను కలవడానికి బయలుదేరింది వైశాఖంలో. అప్పటికి శకం 1432, ఇంగ్లీషు సంవత్సరం మాత్రం అదే 1510.

సాఫ్ట్‌వేర్‌లో చక్రం వేసే ముందు ఒక పరీక్ష చేయండి. 1486 ఫిబ్రవరి 18 కొట్టి వారం, తిథి చూడండి. శనివారం, పూర్ణిమ వస్తే అది జూలియన్ తీసుకుంటోంది. గురువారం, షష్ఠి ప్రాంతం వస్తే గ్రెగోరియన్ తీసుకుంటోంది, అప్పుడు 27 కొట్టాలి. తర్వాత టైమ్ జోన్. 1486లో ఐఎస్‌టీ లేదు. ఆయన పుట్టిన నవద్వీపం రేఖాంశం సుమారు 88 డిగ్రీల 22 నిమిషాలు, స్థానిక కాలం గ్రీనిచ్ కంటే 5 గంటల 53 నిమిషాలు ముందు. అలవాటుగా 5:30 అలాగే ఉంచేస్తే లగ్నం దాదాపు ఆరు డిగ్రీలు జరిగిపోతుంది. అయనాంశ (సాయన, నిరయన లెక్కల మధ్య తేడా) ఏది పెట్టారో కూడా చక్రం కింద రాయండి. లాహిరి ప్రకారం ఆ ఏటికి 16 డిగ్రీల 40 నిమిషాలకు కాస్త అటూ ఇటూ వస్తుంది.

ఇక అసలు విషయం, జాతకం తేదీని రుజువు చేస్తుందా అన్నది. మహాప్రభు జాతకంలో సింహ రాశి, సింహ లగ్నం, ఫాల్గుణ పూర్ణిమ, సాయంకాలం అన్నీ చక్కగా కలిసిపోతాయి. చూడగానే నాలుగు సాక్ష్యాలు ఒకే మాట చెబుతున్నట్టు ఉంటుంది. కానీ ఫాల్గుణ పూర్ణిమ అన్నాక చంద్రుడు చాలావరకు పుబ్బలోనో ఉత్తరలోనో ఉంటాడు, కనుక సింహమో కన్య మొదలో అవుతుంది. పూర్ణిమ నాడు సూర్యుడు అస్తమిస్తుంటే చంద్రుడు ఉదయిస్తాడు, కాబట్టి ఆ వేళకు చంద్రుడున్న రాశే లగ్నం. అంటే పూర్ణిమ, సాయంత్రం అని రెండు మాటలు చెబితే మిగతా రెండూ వాటంతటవే వచ్చేస్తాయి. ఇవన్నీ ఎన్నో సంవత్సరాలకు కుదురుతాయి. సంవత్సరాన్ని పట్టిచ్చేది గ్రహణం ఒక్కటే.

గ్రహణమైనా ఊరికే "ఉంది" అంటే చాలదు, ఆ ఊళ్లో ఆ వేళకు కనిపించాలి. గ్రహణాలు 18 సంవత్సరాల 11 రోజులకు ఒకసారి అదే వరుసలో మళ్లీ వస్తాయి, అయితే దాదాపు 8 గంటలు ఆలస్యంగా. 1486 గ్రహణానికి తర్వాతది 1504 ఫిబ్రవరి 29 రాత్రి జమైకాలో కొలంబస్ చూపించి అక్కడివాళ్లను భయపెట్టిన గ్రహణమే. అదీ ఫాల్గుణ పూర్ణిమే, కానీ నవద్వీపానికి అది తెల్లవారే వేళకు పడింది. ఇలా పక్క సంవత్సరాలను ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే శక 1407 నిలబడుతుంది. అందుకే ఈ ఒక్క తేదీని ధైర్యంగా వేయమంటున్నాను.

రామానుజుల విషయంలో ఆ ధైర్యం ఇవ్వలేను. కలి 4118, పింగళ, మేష మాసం, శుద్ధ పంచమి, ఆర్ద్ర అని సంప్రదాయం. అది 1017 అవుతుంది, పింగళ కూడా సరిపోతుంది. అయితే సూర్యుడు మేషంలో ఉండగా చంద్రుడు ఆర్ద్రకు వస్తే తిథి చవితి నుంచి సప్తమి లోపే పడుతుంది. పంచమి, ఆర్ద్ర కలిశాయని సంబరపడటానికి లేదు. నిర్యాణం 1137, అదీ పింగళే. నూట ఇరవై ఏళ్ల ఆయుర్దాయం ఎక్కువని జననాన్ని 1077కు జరిపే చరిత్రకారులున్నారు, ఆ ఏడూ పింగళే. అరవై ఏళ్లకు ఒకసారి తిరిగే పేరు ఈ తగువు తీర్చలేదు. దానికి శాసనాలు, సమకాలీన రాజుల కాలాలు చూడాలి. సంచికలో "సంప్రదాయం ప్రకారం 1017" అని వేయండి, అది నిజాయితీ.

శంకరులది ఇంకా కష్టం. కంచి సంప్రదాయం క్రీ.పూ. 509 అంటుంది, పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా క్రీ.శ. 788 కనిపిస్తుంది. శంకరుల చరిత్ర చెప్పే కావ్యం మాధవీయ శంకర విజయం రవి, కుజ, శనులు ఉచ్చలోనూ (రవికి మేషం, కుజుడికి మకరం, శనికి తుల) గురుడు కేంద్రంలోనూ (లగ్నం నుంచి 1, 4, 7, 10 స్థానాల్లో ఒకటి) ఉన్నారంటుంది, సంవత్సరం చెప్పదు. శని తులకు ముప్పై ఏళ్లకోసారి వచ్చి రెండున్నరేళ్లుంటాడు. అందులో మేష మాసాలు రెండో మూడో. వాటిలో కుజుడు మకరంలో ఉండే అవకాశం పన్నెండింట ఒకటి అనుకున్నా, ఆ రెండు తేదీల మధ్య 1296 ఏళ్లలో ఉజ్జాయింపుగా తొమ్మిది పది సార్లు కుదురుతుంది. గురుడు కేంద్రంలో అన్నది అసలు వడపోతే కాదు. లగ్నం ఏదో చెప్పనప్పుడు, ఏ రోజు తీసుకున్నా పన్నెండు లగ్నాల్లో నాలుగింటికి గురుడు కేంద్రంలోనే ఉంటాడు. పైగా మహాపురుషుల చరిత్రల్లో ఉచ్చ గ్రహాలను స్తుతిగా చెప్పడం మన కావ్యాల మర్యాద. దాన్ని ఆస్పత్రి రికార్డులా చదవకూడదు, అలాగని తీసి పారేయనూ కూడదు.

క్రీ.పూ. తేదీ వేయాలనుకుంటే సాఫ్ట్‌వేర్‌లో 509కి మైనస్ 508 కొట్టాలి, ఎందుకంటే ఖగోళ లెక్కలో సున్నా సంవత్సరం ఉంది. భూభ్రమణం నెమ్మదించడం వల్ల అప్పటికి పేరుకున్న తేడా దాదాపు 5 గంటలు. ఆ సవరణ లేని ప్రోగ్రాం చంద్రుణ్ని రెండున్నర డిగ్రీలు తప్పు చూపిస్తుంది, నక్షత్రమే మారిపోవచ్చు. అలాంటి చక్రానికి నిమిషాలతో సహా లగ్నం వేసి ఇచ్చారంటే నమ్మకండి.

మీరు ఒడిశాలో ఉన్నారు కనుక ఇంకో రెండు జాగ్రత్తలు. ఒడియా పంజికలో నెలలు పూర్ణిమతో ముగుస్తాయి, మన పంచాంగంలో అమావాస్యతో. శివరాత్రి మనకు మాఘ బహుళ చతుర్దశి, వాళ్లకు ఫాల్గుణ కృష్ణ చతుర్దశి. శుద్ధ పక్షానికి పేచీ లేదు, కాబట్టి మహాప్రభు జననం, సన్యాసం రెండూ క్షేమం. ఒడియా గ్రంథంలో బహుళ పక్షపు తిథి కనిపిస్తే మాత్రం తెలుగులోకి నెల ఒకటి వెనక్కి తీసుకోవాలి. రెండోది, పూరీలో జరిగిన సంఘటనలకు ఒడిశా గజపతి రాజుల అంకాలు, అంటే పాలనా సంవత్సరాల లెక్క, ఇస్తే వాటిని మామూలు అంకెలుగా లెక్కపెట్టకండి. సునియా నాడు, భాద్రపద శుద్ధ ద్వాదశికి, అంకం మారుతుంది. 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవి ఉండవు. ప్రతాపరుద్ర గజపతి 17వ అంకం అంటే పదిహేడో ఏడు కాదు, పద్నాలుగోది. 2, 3, 4, 5, తర్వాత 7 అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే తేలిపోతుంది.