నల్లోడు యాడున్నాడని అడుగుతున్నాడు

(పెంపుడు జంతువుల గురించి పాఠకుల ప్రశ్నలకు పశువైద్యులు, పిల్లల మానసిక వైద్యులు కలిసి ఇచ్చే జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. వాడు పుట్టకముందు నుంచీ మా ఇంట్లో ఉన్న కుక్క, నల్లోడు, పోయిన నెల చనిపోయినాడు. గోమార్ల (పిడుదుల) వల్ల వచ్చే జ్వరమని డాక్టరు చెప్పినారు. అప్పుడు మావాడు వాళ్ల జేజి ఊళ్ళో ఉన్నాడు. తట్టుకోలేడని, తెలిసినవాళ్ల తోటకు కాపలాకి పంపించామని చెప్పినాం. ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, తోటకు పోదామంటాడు. ప్రతి ఆదివారం నల్లోడికి గోమార్లు ఏరేది వాడే. ఎట్టా చెప్పేది?
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, ఈ వారమే నిజం చెప్పేయండి. ఐదేళ్లలోపు పిల్లలకు చావంటే తిరిగి రాకపోవడమని పట్టుబడదు గానీ, ఎనిమిదేళ్లవాడికి తెలుస్తుంది. మీరు చెప్పకపోతే బడిలో పిలకాయలెవరో చెబుతారు. పైగా ప్రాణంగా చూసుకున్నవాణ్ణి అమ్మానాన్నలు ఎవరికో ఇచ్చేశారని వాడు ఇప్పుడు అనుకుంటున్నాడు. చావు కబురు కంటే అది తేలికైన మాటేమీ కాదు.

రాత్రి పడుకోబోయేముందు మాత్రం వద్దు. సెలవురోజు పొద్దున టిఫిన్ అయ్యాక మీరిద్దరూ వాడి పక్కన కూర్చోండి. నాలుగు మాటలు చాలు: “నల్లోడు తోటలో లేడు నాన్నా. నువ్వు జేజి దగ్గరున్నప్పుడు జబ్బు చేసి చనిపోయినాడు. నువ్వు ఏడుస్తావని అబద్ధం చెప్పినాం. అది మా తప్పు.” ‘చనిపోయినాడు’ అనే మాటే వాడండి. ‘నిద్రపోయినాడు’ అంటే పిల్లలు పడుకోవడానికి భయపడతారు. ‘దేవుడు తీసుకుపోయినాడు’ అంటే, రేపు ఎవర్ని తీసుకుపోతాడోనని బెంగపెట్టుకుంటారు. మీ మీద అరిస్తే అరవనివ్వండి. ఏడ్చిన పది నిమిషాలకే ఆటకు పోయినా తప్పు పట్టకండి, పిల్లల దుఃఖం విడతలు విడతలుగా వస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది గోమార్ల దగ్గర. ఆ మాట వినగానే ‘నేనే సరిగ్గా ఏరలేదు’ అనుకుంటాడు, పైకి అనకపోవచ్చు కూడా. వాడు అడగకముందే మీరు చెప్పండి. జబ్బు తెచ్చేది ఎర్లీకియా అనే సూక్ష్మజీవి. గోమారి రక్తం తాగేటప్పుడు అది కుక్క ఒంట్లోకి ఎక్కుతుంది, కొన్ని గంటలు పట్టుకుని ఉంటే చాలు. ఆడ గోమారి వేలల్లో గుడ్లు పెడుతుంది, అదీ కుక్క మీద కాదు, గోడ పగుళ్లలో. పొదిగి వచ్చే పిల్ల ఆవగింజ కంటే చిన్నది. వేళ్ల సందుల్లో, చెవిలో దూరితే పెద్దవాళ్ల కంటికే ఆనదు. వారానికోసారి చేత్తో ఏరి దాన్ని ఎవరూ ఆపలేరు. ఈ వివరాలన్నీ వాడికి చెప్పండి, అర్థం చేసుకుంటాడు. వాడు ఏరిన ప్రతి గోమారీ నల్లోడికి ఆ పూట దురద తగ్గించింది. అదీ నిజమే కాబట్టి అదీ చెప్పండి.

తరువాత పూడ్చిన చోటికి తీసుకుపోండి. గిన్నె, బెల్టు దాచిపెట్టకుండా వేడినీళ్లతో కడిగి, బెల్టు మడతల్లో గోమార్లు లేకుండా చూసి, వాడి చేతికే ఇవ్వండి. ఆదివారం పూట మీ ఫోనులోని ఫొటోల్లో పదో పన్నెండో వాడినే ఏరుకోమని, ప్రింటు వేయించి నోటుబుక్కులో అంటించమనండి. కింద ఏం రాయాలో మీరు చెప్పొద్దు. కర్ణాటకలోని ఆతకూరులో, అడవిపందితో పోరాడి చనిపోయిన కాళి అనే వేటకుక్క పేరు క్రీ.శ. 949 నాటి రాతిమీద చెక్కి ఉంది. ఆ సంగతి మీవాడికి తప్పకుండా చెప్పండి.

రెండు మూడు వారాలు తిండి, నిద్ర తగ్గడం మామూలే. నెల దాటినా బడికి పోనంటుంటే డాక్టరుకు చూపించండి. ‘నేనూ నల్లోడి దగ్గరికి పోతా’ అంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు ఉండదు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా కుక్కకు పదమూడేళ్లు, లేవలేకపోతోంది. పాదం గుర్తు తీసి దాచుకుంటానని మనవరాలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తెప్పించుకుంది. కాలు అందులో పెట్టొచ్చా?
– ఒక తాత, ఉలవపాడు

జవాబు: వద్దండీ. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, మందంగా ఉంటే చర్మం కాలుతుంది. ముందు బంకమట్టిలో అచ్చు తీయాలి. మట్టిని చపాతీ పిండిలా పిసికి రెండంగుళాల మందాన అరచేయంత ముద్ద చేయండి. పాదం తడిగుడ్డతో తుడిచి, కుక్క పడుకుని ఉండగానే ముద్దను పాదానికి ఆనించి నొక్కి, పక్కకు జరపకుండా తిన్నగా తీయండి. కీళ్లనొప్పులున్నదాన్ని లేపి నిలబెట్టొద్దు. ముద్ద చుట్టూ అట్టముక్కతో గోడ కట్టండి. ఒక కప్పు నీళ్లలో రెండు కప్పుల పొడి కొద్దికొద్దిగా చల్లాలి. పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. గిలక్కొట్టకుండా మెల్లగా కలపండి, లేకపోతే బుడగలొచ్చి వేళ్ల దగ్గర గుంటలు పడతాయి. పోసిన గంటకు మట్టి వలిస్తే పాదం ఉబ్బెత్తుగా వస్తుంది. మిగిలింది సింకులో పోయకండి, పైపులో గడ్డకడుతుంది. గోధుమపిండి, ఉప్పు కలిపి చేసే ముద్ద మీ సముద్రపు గాలికి చెమ్మ లాగి మెత్తబడుతుంది కాబట్టి అది దండగ.

ప్రశ్న: మూడు నెలల కుక్కపిల్ల వాంతులు, నెత్తుటి విరేచనాలతో చనిపోయింది, పార్వో అన్నారు. ఎట్టా పూడ్చాలి? పాప మర్చిపోవడానికి వెంటనే ఇంకోటి తెద్దామా?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: గుంట నాలుగడుగుల లోతుండాలి, బావికీ బోరుకీ బాగా ఎడంగా ఉండాలి. ఇసుక నేలలో ఆ లోతుకే నీళ్లు ఊరితే ఆ చోటు వదిలేసి మెరక చూడండి. ప్లాస్టిక్ సంచిలో కాదు, నూలుగుడ్డలో చుట్టండి. పైన బరువైన రాళ్లు పేర్చకపోతే వీధికుక్కలు తవ్వుతాయి.

ఇంకోటి ఇప్పుడే వద్దు. పార్వో వైరస్ నేలలో ఏడాది దాకా బతుకుతుంది. గచ్చు కడిగాక, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు తడిగా ఉంచండి. మట్టి నేల మీద ఇది సరిగా పనిచేయదు. మళ్లీ తెచ్చే పిల్లకు టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల దాకా పూర్తయి ఉండాలి. అదీ పాప తనంతట తాను అడిగినప్పుడే, పాత పేరు పెట్టకుండా తెచ్చుకోండి.