వాచీకి సాగే గుడ్డ పట్టా: మూడు రకాలు వాడి చూశాక నా సమాధానం

తోలు పట్టా చెమటకు నాని నాని రెండో వేసవికే పగిలిపోయిందనీ, ముల్లు బకిల్ ఉన్న నైలాన్ పట్టా పొద్దున వదులుగానూ సాయంత్రానికి బిగుతుగానూ ఉంటోందనీ, అందుకని పట్టా తగిలే సందు 20 మిల్లీమీటర్లున్న మీ వాచీకి ఎలాస్టిక్ గుడ్డ పట్టా వేయించుకోవచ్చా, వేయించుకుంటే ఏ రకం మేలనీ అడిగారు. నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు. అయితే కొక్కెంతో తగిలించుకునేదీ, పొడవును జారుడు బకిల్‌తో సరిచేసుకునే వీలున్నదీ తీసుకోండి. ఏ బకిలూ లేకుండా గాజులా చేతికి తొడుక్కునే పట్టా జోలికి మాత్రం వెళ్లకండి. ఈ రెంటినీ, వీటితోపాటు మూడో రకాన్నీ నాలుగు వేసవులుగా విజయవాడ ఎండలో వాడుతున్నాను కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. దేన్నయినా కొలిచి చూస్తే తప్ప నమ్మలేని జబ్బు ఆ వృత్తితో వచ్చిందే. ఒక మే నెలలో వారం రోజులపాటు దర్జీ టేపుతో మణికట్టు చుట్టుకొలత తీసి రాసుకున్నాను. ఉదయం ఆరు గంటలకు 16.8 సెంటీమీటర్లున్న మణికట్టు, మధ్యాహ్నం స్కూటరు మీద ఇల్లు చేరేసరికి 17.4 అయ్యేది. నా పాత తోలు పట్టాకు రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఉన్న దూరం కూడా సుమారుగా ఆ ఆరు మిల్లీమీటర్లే. వేడికి రక్తనాళాలు వ్యాకోచించి చెయ్యి కాస్త ఉబ్బుతుంది కనుక, పొద్దున సరిపోయిన రంధ్రం మధ్యాహ్నానికి బిగుతవుతుంది, మధ్యాహ్నం సరిపోయే రంధ్రం పొద్దున వదులవుతుంది. నైలాన్ పట్టాదీ ఇదే కథ. బ్రిటిష్ రక్షణ శాఖ 1973లో నిర్దేశించిన నమూనాను అనుసరించి వచ్చిన, ఇప్పుడు అందరూ నేటో పట్టా అని పిలిచే రకం ఎంత గట్టిదైనా, దానికి సాగే గుణం లేదు. మనకు కావలసింది ఆ ఆరు మిల్లీమీటర్ల వెసులుబాటు, అంతే. పట్టా చూయింగ్ గమ్‌లా బారెడు సాగనక్కరలేదు.

నేను మొదట కొన్నది మీకు వద్దని చెప్పిన గాజు రకమే. మూడు వందల యాభై రూపాయలకు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను, అమ్మినవారి పేరు ఇక్కడ అప్రస్తుతం. మొదటి నెలంతా అంత సుఖమైన పట్టా లోకంలో లేదనిపించింది. బకిల్ లేదు కాబట్టి నల్లబల్ల మీద రాసేటప్పుడు గానీ, ప్రశ్నపత్రాలు దిద్దేటప్పుడు గానీ మణికట్టు కింద ఏదీ ఒత్తుకునేది కాదు. పట్టాలోని అల్లిక భాగం మీద పది సెంటీమీటర్ల దూరంలో బాల్‌పెన్నుతో రెండు చుక్కలు పెట్టి ఉంచాను. అయిదు నెలల తర్వాత కొలిస్తే ఆ పది కాస్తా పది సెంటీమీటర్ల ఏడు మిల్లీమీటర్లయింది. అప్పటికి చెయ్యి ఎత్తితే వాచీ మోచేతి వైపు, దించితే బొటనవేలి వైపు జారుతుండేది. ఒకరోజు క్లాసులో టైము చూద్దామని చెయ్యి తిప్పితే కనబడింది డయలు కాదు, పట్టా వెనక భాగం. ముందు బెంచీ పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను, ఆ సాయంత్రమే దాన్ని తీసి డ్రాయరులో పడేశాను.

సరుకు నాసిరకమని మొదట అనుకున్నాను. కొంత నిజమే కావచ్చు గానీ, అసలు లోపం ఆ ఆకారంలోనే ఉందని తర్వాత అర్థమైంది. నా మణికట్టు పదిహేడు సెంటీమీటర్లు. గాజులమ్మే ఆవిడ నొక్కినట్టు బొటనవేలిని అరచేతిలోకి ముడిచి, వేళ్ల కణుపుల దగ్గర చుట్టుకొలత తీస్తే సుమారు ఇరవై రెండు. చేతికి నిలబడాలంటే గాజు పట్టా వదిలేసిన స్థితిలో మణికట్టు కన్నా కాస్త చిన్నదై, పదహారు సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. అది పెట్టుకునేటప్పుడు ఒకసారి, తీసేటప్పుడు ఒకసారి, స్నానానికి తీసి పెట్టుకుంటే మరో రెండుసార్లు పదహారు నుంచి ఇరవై రెండుకు, అంటే మూడో వంతుకు మించి సాగాలి. కొక్కెం ఉన్న పట్టాకు ఆ అవస్థ లేదు. విప్పి పెట్టుకుంటాం కనుక అది రోజంతా సాగేది ఆ ఆరేడు మిల్లీమీటర్లే. పైజామా నడుము ఎలాస్టిక్ ఎందుకు త్వరగా వదులవుతుందో, సాక్సు పైఅంచు ఎందుకు జారిపోతుందో ఆలోచిస్తే ఇదే కారణం కనిపిస్తుంది: కాళ్లు దూర్చిన ప్రతిసారీ అవి అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువగా సాగుతాయి.

ఖరీదైన కంపెనీలు దీనికి ఏం చేస్తాయని మీకు సందేహం రావచ్చు. యాపిల్ సంస్థ 2020 సెప్టెంబరులో విడుదల చేసిన అల్లిక సోలో లూప్ అనే గాజు రకం పట్టాలో పదహారు వేల పాలిస్టర్ పోగులను సన్నని సిలికోన్ దారాలతో కలిపి అల్లారు, పొడవు సరిచేసుకునే ఏర్పాటు లేదు కాబట్టి 1 నుంచి 12 వరకు అంకెలు వేసి కొలతలవారీగా అమ్ముతున్నారు. అన్ని కొలతలు అవసరమయ్యాయంటే, ఈ ఆకారానికి సర్దుబాటు చేసుకునే గుణం ఎంత తక్కువో తెలుస్తూనే ఉంది. మనిషి అయిదు కిలోలు తగ్గినా పెరిగినా మరో అంకె కొనవలసిందే.

ఇక గుడ్డ సంగతి. ఎలాస్టిక్ అనగానే అంతా ఒకటే అనుకుంటాం గానీ, అల్లినదానికీ నేసినదానికీ చాలా తేడా ఉంది. జడలా అల్లిన ఎలాస్టిక్‌ను లాగితే అది వెడల్పు తగ్గుతుంది, ఇంట్లో కుట్టుమిషను ఉన్నవారు ఎవరైనా చెబుతారు. వాచీ కొమ్ముల మధ్య, అంటే పట్టా తగిలించడానికి కేసు నుంచి బయటకు పొడుచుకొచ్చే మొనల మధ్య, ఇరవై మిల్లీమీటర్ల సందులో అమరవలసిన పట్టా అలా సన్నబడితే, రెండు పక్కలా స్ప్రింగ్ పిన్ను, అంటే పట్టాను కొమ్ములకు పట్టి ఉంచే సన్నని కడ్డీ, బయటకు కనిపిస్తుంది, చూడటానికి అసహ్యంగా ఉంటుంది. నేసినదానికి ఆ బాధ లేదు. మంచం నవారులాగే దానికి పడుగూ పేకా ఉంటాయి. సాగే పోగులు పొడవున వెళ్లే పడుగులో మాత్రమే ఉండి, అడ్డంగా వెళ్లే పేక మామూలు నైలానో పాలిస్టరో అయి ఉంటుంది కాబట్టి, పొడవు సాగినా వెడల్పు మారదు. కొనేటప్పుడు రెండు చివరలూ పట్టి లాగి, పట్టా నడుము సన్నబడుతోందేమో చూస్తే ఏ రకమో దుకాణదారుణ్ని అడగవలసిన పనిలేదు.

ఆ పడుగులోని సాగే పోగు రెండు విధాలు. ఒకటి రబ్బరు దారం, రెండోది ఎలాస్టేన్, అంటే డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ 1958లో రూపొందించిన, మనం లైక్రా అనే వాణిజ్యనామంతో ఎక్కువగా ఎరిగిన పదార్థం. రబ్బరుకు ఎండా, నూనే గిట్టవు. తలకు నూనె రాసుకున్న చేత్తోనే వాచీ పెట్టుకునే అలవాటున్న నాలాంటివారి దగ్గర రబ్బరు పట్టా అంచులు ముందు జిగటబారతాయి, తర్వాత బిరుసెక్కుతాయి, ఆ తర్వాత తెగిన దారాలు పిల్లి మీసాల్లా బయటకు పొడుచుకొస్తాయి. ఎలాస్టేన్ వీటికి బాగానే తట్టుకుంటుంది. దాని శత్రువులు వేరు: క్లోరిన్, అధిక వేడి. ఈతకొలనులో దిగేవారు బయటకు రాగానే పట్టాను మంచినీటితో కడగాలి, బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రావణం దాని దరిదాపులకు రాకూడదు.

నేను వాడిన రెండో పట్టాకు కాస్త చరిత్ర ఉంది. ట్యూడర్ కంపెనీ 1950ల నుంచి 1980ల దాకా ఫ్రెంచ్ నౌకాదళానికి వాచీలు సరఫరా చేసింది. పట్టాలు లేకుండా వచ్చిన వాచీలకు నౌకాదళంవారే సొంతంగా పట్టాలు కుట్టుకునేవారు, వాటిలో పేరుపడ్డది పారాచూట్ల నుంచి తీసిన ఎలాస్టిక్ నవారుతో చేసుకున్నది. మధ్యలో రంగు గీత ఉన్న ఆ నమూనానే ఇప్పుడు ఎరికాస్ ఒరిజినల్స్ వంటి చిన్న సంస్థలు మళ్లీ తయారుచేస్తున్నాయి. ట్యూడర్ కూడా 2021లో అదే నౌకాదళంతో కలిసి తెచ్చిన పెలగోస్ ఎఫ్‌ఎక్స్‌డీ వాచీకి స్ప్రింగ్ పిన్నుల బదులు కేసుతోపాటే చెక్కిన కదలని కమ్మీలు పెట్టి, గుడ్డ పట్టాతో విడుదల చేసింది. మా పెదనాన్నగారి అబ్బాయి విదేశం నుంచి వస్తూ ఆ నమూనా పట్టా ఒకటి తెచ్చి ఇస్తే, నా సీకో ఎస్‌కేఎక్స్ వాచీకి, అంటే 22 మిల్లీమీటర్ల కొమ్ములున్నదానికి, వేశాను.

మన్నిక విషయంలో దానికి వంక పెట్టలేను. రెండు వేసవులు దాటినా, దాని మీదా అలాగే పెట్టిన చుక్కల మధ్య దూరం మిల్లీమీటరుకు మించి పెరగలేదు. కానీ అది సముద్రంలో దిగేవారి కోసం, డైవింగ్ సూటు చేతి మీదుగా బిగించుకోవడానికి పుట్టిన వస్తువు. బెజవాడ ఉక్కపోతకు పుట్టినది కాదు. దళసరి నవారు చెమటను పీల్చుకుని గంటల తరబడి తడిగానే ఉండేది. ఆరిన తర్వాత నల్లటి పట్టా మీద ఉప్పు తెల్లటి అలల్లా గీతలు కట్టేది, నా విషయంలో దానికి సుద్దపొడి కూడా తోడయ్యేది. నాలుగో రోజుకు పులిసిన పిండి వాసన. పైగా పట్టా వాచీ కింది నుంచి వెళ్తుంది కాబట్టి ఆ మందం మేర వాచీ చేతి మీద ఎత్తుగా కూర్చుని, పొడుగు చేతుల చొక్కా కఫ్ కిందికి దూరనని మొరాయిస్తుంది. శీతాకాలంలో మాత్రం ఇప్పటికీ అదే పెట్టుకుంటాను.

మూడోది ఇప్పుడు నా చేతికున్నది: పలుచని నేత ఎలాస్టిక్, పొడవు మార్చుకునేందుకు బ్యాగు పట్టీకి ఉన్నట్టు ఒక జారుడు బకిల్, చివర చిన్న స్టీలు కొక్కెం. దాని గుడ్డ ఎక్కువగా పాలిస్టర్. నైలాన్ గాలిలోంచి నాలుగు శాతం దాకా తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు; ఉతికి ఫ్యాను కింద వేస్తే ఇది గంటన్నరలో ఆరిపోతుంది, పారాచూట్ నవారుకు పూటంతా పట్టేది. పొద్దున వాచీ పెట్టుకున్నాక చిటికెనవేలు పట్టా కిందికి తేలిగ్గా దూరేంత వదులుగా బకిల్ సరిచేసుకుంటే, మధ్యాహ్నం ఉబ్బిన చేతికీ అది ఒత్తుకోదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. సాగుతుంది కదా అని బిగించి పెట్టుకుంటే చర్మం మీద నేత అచ్చు పడుతుంది, పట్టా కూడా ఎప్పుడూ లాగినట్టే ఉండి తొందరగా చతికిలబడుతుంది.

దీనికీ ఒక లోపం ఉంది, దాచడం న్యాయం కాదు. గత సంవత్సరం బస్సు దిగుతూ భుజం మీది బ్యాగు తీయబోతే దాని పట్టీ కొక్కెంలో చిక్కుకుని పట్టా మొత్తం విడిపోయింది. వాచీ బస్టాండు సిమెంటు మీద పడింది. అద్దం పగలలేదు గానీ కేసు అంచుకు సొట్ట పడింది. ముల్లు బకిల్ అంత సులభంగా విడిపోదు. ఆ తర్వాత చిన్న పటకారుతో కొక్కెం నోరు అర మిల్లీమీటరు దగ్గరికి నొక్కాను, మళ్లీ ఊడలేదు. మీరు కొన్న రోజే ఆ పని చేయండి, పటకారు పళ్లకు గుడ్డ చుడితే గీతలు పడవు.

బరువైన వాచీలకు ఎలాస్టిక్ అంతగా నప్పదని కూడా చెప్పాలి. నా సీకో స్టీలు వాచీ పలుచని పట్టా మీద మెట్లు దిగుతుంటే ఎగిరెగిరి పడుతుంది. మా నాన్నగారి నుంచి నాకు వచ్చిన 18 మిల్లీమీటర్ల హెచ్‌ఎంటీ పైలట్ మాత్రం అదే రకం పట్టా మీద ఉందో లేదో తెలియనంత హాయిగా ఉంటుంది. ఒకవేళ మీది స్మార్ట్‌వాచీ అయితే, వెనక నుంచి దూర్చే ఒంటి పట్టా కొనకండి: గుడ్డ సెన్సరుకు అడ్డం పడి నాడి లెక్క రాదు. రెండు ముక్కలుగా, కొమ్ములకు విడివిడిగా తగిలే ఎలాస్టిక్ పట్టా కొంటే, ముల్లు బకిల్ కన్నా ఒత్తిడి సమానంగా ఉండి సెన్సరు చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. మామూలు వాచీకైతే ఒంటి పట్టాయే క్షేమం, ఒక స్ప్రింగ్ పిన్ను ఊడినా రెండోదానికి వాచీ వేలాడుతూ ఉంటుంది.

ఉతకడం గురించి ఒక్క మాట. వారానికోసారి వాచీ నుంచి తీసి, గోరువెచ్చని నీళ్లలో స్నానపు సబ్బు నురుగుతో నలిపి, పిండకుండా తువ్వాలులో నొక్కి, నీడలో ఆరవేయండి. దండెం మీద ఎండలో క్లిప్పు పెట్టి వేలాడదీయడం, ఇస్త్రీ చేయడం రెండూ కూడదు.

మీరు 20 మిల్లీమీటర్లని చెప్పారు కాబట్టి 20దే తీసుకోండి. గుడ్డ నలుగుతుంది కదా అని 22 ఇవ్వజూపితే ఒప్పుకోవద్దు, కొమ్ముల మధ్య ముడతపడి అంచులు నెలలోనే నూలు లేస్తాయి. దుకాణంలో ఒక స్కేలు పక్కన పెట్టి, పట్టాను పదిసార్లు గట్టిగా లాగి వదిలి, మొదటి పొడవుకు వెంటనే వస్తోందో, నింపాదిగా పాకుతూ వస్తోందో చూడండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో నేను అలా చేస్తుంటే దుకాణం కుర్రాడు విసుక్కుని, రెండు పట్టాలు వెనక్కి పెట్టేసి, లోపలి గదిలోంచి మూడోది తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడు చేతికున్నది అదే.