విండోస్ 7లో క్రోమ్ అప్‌డేట్ కాకపోతే ప్రమాదమా?

కడపలో నెట్ సెంటర్ నడుపుతున్న మీ కంప్యూటర్లలో విండోస్ 7 ఉంది, క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, పర్వాలేదా అని అడిగారు. పర్వా ఉంది. 2023 జనవరిలో వచ్చిన 109తోనే క్రోమ్ ఆ విండోస్‌ను వదిలేసింది.

క్రోమ్ ఒక్కో సైటును విడి గదిలో బంధించినట్టు వేరుగా నడుపుతుంది. ఆ గోడకు కన్నం పడితే పూడ్చేది అప్‌డేటే. పూడ్చిన సంగతి బయటికి రాగానే దొంగలు పాత వెర్షన్ల కోసం వెతుకుతారు. రోజంతా ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు స్కాన్ చేసే చోట ఇది చిన్న విషయం కాదు.

హాల్ టికెట్ పేజీ మధ్యలో ‘మీ బ్రౌజర్ పాతది, ఇక్కడ నొక్కండి’ అని వచ్చేదాన్ని మాత్రం ముట్టుకోకండి, తరచుగా మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) అదే. అసలు అప్‌డేట్ క్రోమ్ మూడు చుక్కల మెనూలో దొరుకుతుంది, విండోస్ 7లో మాత్రం అక్కడా కొత్తది రాదు. అందుకే విండోస్‌నే మార్చాలి. కొత్త విండోస్‌ను మోయలేని కంప్యూటర్లకు విండోస్‌కు బదులు వాడే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించండి, ఖర్చూ తక్కువే.