పాతదాన్ని అప్పుడే తుడిచేయకు

బాబూ,

కొత్త కంప్యూటర్ కొన్నావనీ, మెయిళ్లు చూసుకునే థండర్‌బర్డ్ ప్రోగ్రామ్‌లో ఉన్నవన్నీ అందులోకి మార్చుకోవాలనీ రాశావు. సంతోషం. పని మొదలుపెట్టే ముందు ఒక మాట: పాతదాన్ని అప్పుడే ఫార్మాట్ చేయకు.

ఆ తొందర నేను పడ్డాను. నాది ఐమ్యాప్ ఖాతా, మెయిళ్లన్నీ సర్వర్‌లోనే ఉంటాయి, కొత్తదానిలో పాస్‌వర్డ్ కొడితే అవే వస్తాయనుకున్నాను. వచ్చాయి కూడా. కానీ ఏళ్లతరబడి నేను 'లోకల్ ఫోల్డర్స్'లోకి జరిపి దాచుకున్నవి సర్వర్‌లో లేవు. అవి ఉన్నది పాత డిస్కులోనే. దాన్ని ముందురోజే తుడిచేశాను. మీ తాతయ్య ఒక్క వేలితో కొట్టి పంపిన ఉత్తరాలన్నీ దానితోపాటే పోయాయి.

అసలు పని చిన్నదే. పాతదానిలో హెల్ప్ మెనూలో 'ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్' తెరువు. 'ప్రొఫైల్ ఫోల్డర్' అన్నచోట ఉన్న మీట నొక్కితే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది. మెయిళ్లు, చిరునామాలు, ఫిల్టర్లు, సెట్టింగులు అన్నీ అందులోనే ఉంటాయి. ఇప్పుడు థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసేసి, ఆ తర్వాతే ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి.

మొత్తం అని ఎందుకంటున్నానంటే, నీకు ఏరుకునే అలవాటుంది. పాస్‌వర్డ్‌లు 'లాగిన్స్.జేసన్'లో ఉంటాయి, వాటి తాళం 'కీ4.డీబీ'లో ఉంటుంది. ఒకటి తెచ్చి రెండోది వదిలేస్తే దేనికీ పనికిరావు.

కొత్తదానిలో థండర్‌బర్డ్‌ను ఒకసారి తెరిచి, అక్కడి ప్రొఫైల్ ఫోల్డర్ ఎక్కడుందో చూసుకుని మూసెయ్యి. పాత ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఆ ఫోల్డర్‌లోకి వేసి, ఒకే పేరున్న ఫైళ్లు ఎదురైతే పాత కంప్యూటర్ నుంచి తెచ్చినవే ఉంచు. కొత్తదానిలో థండర్‌బర్డ్ వెర్షన్ పాతదానికంటే వెనకబడి ఉండకూడదు. ఉంటే ఆ ప్రొఫైల్‌ను తెరవనివ్వదు.

తెరిచాక ఇన్‌బాక్స్ చూసి మురిసిపోకు. లోకల్ ఫోల్డర్స్‌లో బాగా పాత మెయిల్ ఒకటి తీసి, దానికున్న అటాచ్‌మెంట్ కూడా తెరిచి చూడు. నీకే నువ్వు ఒక మెయిల్ పంపుకో. నెలరోజులయ్యాక పాత కంప్యూటర్ నీ ఇష్టం. నీది పాప్ ఖాతా, అంటే మెయిళ్లను సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకునేది, అయితే మాత్రం ఈలోగా అందులో థండర్‌బర్డ్ తెరవకు; సర్వర్‌లో కాపీ ఉంచే సెట్టింగ్ లేకపోతే కొత్త మెయిళ్లు అక్కడ దిగిపోయి, ఇక్కడ కనబడక తల పట్టుకుంటావు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న