ఓకామెల్‌లో ఫైలుకు మళ్ళించిన అవుట్‌పుట్ తెరమీదే కనిపిస్తోందా?

ఓకామెల్ ప్రోగ్రామింగ్ భాషలో డూప్2 అనే ఫంక్షన్‌తో స్టడ్‌అవుట్‌ను (ప్రోగ్రాం మామూలుగా తెరమీదికి రాసే దారిని) ఫైలుకు మళ్ళించి, ఫంక్షన్ నడిపి, మళ్ళీ యథాస్థితికి తెచ్చారు. తీరా చూస్తే ఫైలు ఖాళీ, అక్షరాలన్నీ తెరమీద. మీ ఇబ్బంది ఇదే కదా.

డూప్2 తప్పేమీ లేదు. ప్రింట్ స్ట్రింగ్ రాసేది నేరుగా డిస్క్రిప్టర్ 1లోకి (స్టడ్‌అవుట్‌కు సిస్టమ్ ఇచ్చిన నంబరు) కాదు, ఓకామెల్ సొంత బఫర్‌లోకి, అంటే మెమరీలో తాత్కాలికంగా పోగేసే చోటికి. బెంగళూరులో సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కున్న బస్సు, డైవర్షన్ ఎత్తేశాక గానీ కూడలికి చేరనట్టు, మీరు దారి వెనక్కి తిప్పాకే ఆ అక్షరాలు బయటపడ్డాయి.

కాబట్టి ఫ్లష్ (బఫర్‌లో ఉన్నదాన్ని బయటికి పంపేయడం) రెండుసార్లు కావాలి. మొదట స్టడ్‌అవుట్‌ను ఫ్లష్ చేసి, యూనిక్స్ మాడ్యూల్‌లోని డూప్‌తో పాత డిస్క్రిప్టర్ నకలు దాచి, ఆపైన డూప్2. పని అయ్యాక మళ్ళీ ఫ్లష్, నకలును డూప్2తో వెనక్కి తేవడం, చివరగా నకలును మూయడం. ఈ ముగింపు భాగమంతా ఫన్ ప్రొటెక్ట్‌లో (ఓకామెల్ 4.08 నుంచి ఉంది) ఫైనల్లీగా, అంటే ఏం జరిగినా చివర్లో నడిచే భాగంగా పెట్టండి. లేకపోతే ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే లోపం) వచ్చిన రోజున ప్రోగ్రాం మూగబోతుంది. మారతహళ్ళి గదిలో ఒక రాత్రంతా నాకు అలాగే గడిచింది. ఫార్మాట్ మాడ్యూల్ వాడుతుంటే దాని బఫర్ వేరు, దాని ప్రింట్ ఫ్లష్‌ను కూడా ముందుగా పిలవాలి.

ఇన్‌పుట్ ఇంకా మొండిది. ఒక్క వరుస చదివినా ఓకామెల్ 65,536 బైట్ల దాకా ముందే లాగి పెట్టుకోగలదు. డూప్2 తర్వాత కూడా ముందు ఆ మిగులే వస్తుంది, దాన్ని పారబోసే ఫ్లష్ లేదు. అక్కడ మళ్ళింపు మానేసి, ఫంక్షన్‌కు చానెల్‌నే (ఓకామెల్ చదవడానికి, రాయడానికి వాడే దారిని) ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వండి. త్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పనులు) ఉంటే అవుట్‌పుట్‌కూ ఇదే మేలు: డూప్2 ప్రాసెస్ మొత్తానికీ వర్తిస్తుంది, పక్క త్రెడ్ రాసిందీ మీ ఫైల్లోనే పడుతుంది.